ఆ వంగిన మెడకు సరిపోయే పట్టీ మా బండిలో లేదు

రెండేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి 11 దాటాక రామమూర్తినగర్‌లోని ఒక మూడంతస్తుల ఇంటి నుంచి మాకు పిలుపు వచ్చింది. మదనపల్లె దగ్గరి పల్లె నుంచి కొడుకును చూడవచ్చిన 70 ఏళ్ల పెద్దాయన, కరెంటు పోయిన సమయంలో మేడ దిగుతూ చివరి ఐదారు మెట్ల మీద నుంచి పడిపోయారు. మేము చేరేసరికి ఆయన గోడకు ఆనుకుని ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. స్పృహలోనే ఉన్నారు, మాట స్పష్టంగా ఉంది, నుదుటి మీద చిన్న గాటు తప్ప పెద్దగా రక్తం లేదు. మెడ వెనక నొప్పిగా ఉందని అడగకముందే చెప్పారు. బెంగుళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి అంబులెన్సులో అప్పటికి 11 ఏళ్లుగా ఈఎంటీగా, అంటే రోగికి దారిలో అత్యవసర చికిత్స చేసే సిబ్బందిగా, పనిచేస్తున్న నేను, మరో ఆలోచన లేకుండా సంచిలోంచి గట్టి ప్లాస్టిక్ మెడపట్టీ తీసి, ఆయన గడ్డం కిందికి చేర్చి, తలను తిన్నగా చేయబోయాను. ఆయన వీపు ఏనాడో గూనిగా బిగుసుకుపోయి ఉందని, గడ్డానికీ రొమ్ముకూ మధ్య బెత్తెడు ఎడమే ఉందని కంటితో చూశాను గాని లెక్కలోకి తీసుకోలేదు.

"ఒద్దు సామీ, నా మెడ యెనక్కి పోదు, ముప్పై యేండ్లాయ అట్ల పోక" అని ఆయన గట్టిగా అరిచారు. ఆ వెంటనే రెండు చేతుల వేళ్లూ తిమ్మిరెక్కుతున్నాయని అన్నారు. నేను పట్టీ వదిలేసి ఆయన తల ఎలా ఉందో అలాగే రెండు అరచేతుల మధ్య నిలిపి పట్టుకున్నాను. కాసేపటికి ఆ తిమ్మిరి తగ్గింది.

డ్యూటీ దిగి ఇంటికి వెళ్లాక కూడా, నా చేయి అంత తొందరగా పట్టీ మీదికి ఎందుకు వెళ్లిందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఎవరైనా పడ్డారంటే మెడకు పట్టీ వేయడం నాకు గడప దాటేముందు చెప్పులు తొడుక్కోవడమంత అలవాటైపోయింది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి ఉన్న ఆధారమెంతో అప్పటి నుంచి చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ నాకు అర్థమైనదేమిటంటే, మనం వేసే పట్టీల్లో చాలా భాగం రోగి మెడ కోసం కాక మన ధైర్యం కోసం వేస్తున్నవే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మెడనొప్పికి మందుల షాపులో కొనుక్కునే మెత్తటి స్పాంజి పట్టీ, అంబులెన్సులో ఉండే గట్టి పట్టీ ఒకటి కావు. మారతహళ్లిలో ఒకసారి బైకు మీద నుంచి పడిన కుర్రవాడికి, పక్కనే ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన తన మెడలో ఉన్న స్పాంజి పట్టీ తీసి తొడిగి, మేము వచ్చేదాకా అతన్ని కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తున్నాడు. ఆయన మంచితనాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ స్పాంజి మెడను ఆపదు, మెడ తిప్పవద్దని గుర్తు మాత్రం చేస్తుంది. గట్టి పట్టీకైతే కొలత ఉంటుంది. రోగి తల తిన్నగా ఉన్నప్పుడు భుజం పై అంచు నుంచి గడ్డం కింది అంచు దాకా ఎన్ని వేళ్లు పడతాయో చూసి, పట్టీ మీద అంతే ఎత్తు వచ్చేలా సర్ది, ఆ తరువాతే బిగించాలి. స్టిఫ్‌నెక్ సెలెక్ట్ వంటి సర్దుబాటు పట్టీల్లో ఇందుకోసం 4 ఎత్తులు ఉంటాయి. కొలత పొట్టిదైతే గడ్డం లోపలికి జారిపోతుంది, పొడుగైతే తల వెనక్కి విరుచుకుంటుంది. ఈ కొలత అంతా తల తిన్నగా నిలుస్తుందన్న నమ్మకం మీద ఆధారపడింది. ఆ పెద్దాయన మెడకు ఆ నాలుగింటిలో ఏదీ పనికిరాదు.

ఈ పట్టీలు ఒక్కసారి వాడి పారేయవలసినవి. మా దగ్గర వాటిని సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడడమే ఎక్కువ. పది మందికి వేశాక వెల్క్రోలో వెంట్రుకలు, దుమ్ము ఇరుక్కుని అది అంటుకోదు, పైన ప్లాస్టర్ చుట్టవలసి వస్తుంది. రోగితో పాటు క్యాజువాలిటీ లోపలికి వెళ్లిన పట్టీ, స్పైన్ బోర్డు (రోగిని పడుకోబెట్టి కట్టే పలక) తిరిగి రావాలంటే స్కానింగు గది బయట గంటసేపు కాపలా కాయవలసిన రోజులు కూడా ఉన్నాయి. కాబట్టి పాఠ్యపుస్తకం బొమ్మలో కనిపించే పట్టీ వేరు, బెంగుళూరు రోడ్ల మీద రోగి మెడకు చేరే పట్టీ వేరు.

మెడలో పూసలు 7. మొదటి పూసకూ పుర్రెకూ మధ్య తల ఊపే కదలిక సగం జరుగుతుంది, మొదటి రెండు పూసల మధ్య తల పక్కలకు తిప్పే కదలిక సగం జరుగుతుంది. పట్టీ గడ్డం నుంచి రొమ్ము దాకా ఆనుకుని ఉంటుంది కనుక తల ముందుకు వాలకుండా కొంతవరకు ఆపగలదు గాని, ఆ పైరెండు కీళ్ల దగ్గర దాని బలం తక్కువ. మూడు, నాలుగు, ఐదు స్థాయిల నుంచి బయలుదేరే నరాలు ఊపిరి తీయించే పెద్ద కండరమైన డయాఫ్రంను ఆడిస్తాయి. వెన్నుపాము అంతకంటే పైన తెగితే ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుంది. కాస్త కింద దెబ్బతింటే రొమ్ము కదలకుండా పొట్ట మాత్రమే పైకీ కిందికీ ఆడుతూ శ్వాస నడుస్తుంది. దెబ్బలు తగిలి బీపీ పడిపోయిన మనిషికి మామూలుగా నాడి వేగంగా, చర్మం చల్లగా చెమటతో ఉంటుంది. బీపీ తక్కువగా ఉండి కూడా నాడి నిదానంగా, చర్మం పొడిగా వెచ్చగా ఉంటే వెన్నుపాము దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. పట్టీ కోసం వెతికే అర నిమిషంలో ఈ రెండు గుర్తులు చూడడం ఎక్కువ ఉపయోగమని ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు చెబుతున్నాను.

పట్టీ వాడుక 1960, 70 దశకాల్లో అమెరికాలో గట్టిపడింది. ప్రమాదస్థలంలో మోటుగా లాగడం వల్లనే చాలామందికి కాళ్లూ చేతులూ పడిపోతున్నాయన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. వాహనాల్లో చిక్కుకున్నవారిని బయటికి తీయడం గురించి ఫారింగ్టన్ అనే శస్త్రవైద్యుడు 1968 లో రాసిన పద్ధతుల్లో పట్టీ, పలక రెండూ ఉన్నాయి. ఆ తరువాత ప్రమాద గాయాల చికిత్స మీద డాక్టర్లకు వచ్చిన ఏటీఎల్ఎస్ శిక్షణలో, ఏ బీ సీ వరుసలో చెప్పే పాఠాల్లో మొదటి అక్షరం దగ్గరే శ్వాసమార్గంతో పాటు మెడ రక్షణను కలిపి నేర్పారు. ఆ పాఠం ప్రపంచమంతా పాకి మా దాకా వచ్చింది. అప్పుడు కూడా, పట్టీ వేసినవారికి, వేయనివారికి మధ్య తేడా ఎంత అని ఎవరూ పోల్చి చూడలేదు. 2001 లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఆ దృష్టితో వెతికితే, దెబ్బలు తగిలిన రోగుల మీద వెన్నును కదలకుండా కట్టడం గురించి, రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా పంచి పోల్చే యాదృచ్ఛిక పరీక్ష ఒక్కటి కూడా దొరకలేదు.

1998 లో హాస్వాల్డ్ బృందం ప్రచురించిన పోలిక చదివినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి అంకెలు సరిచూసుకున్నాను. మలేసియాలోని కౌలాలంపూర్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి చేరిన 120 మంది వెన్ను గాయాల రోగుల్లో దారిలో ఒక్కరికీ మెడా వెన్నూ బిగించలేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో 334 మందికీ బిగించారు. నరాల వైకల్యం మలేసియాలో 11 శాతం మందికి మిగిలితే న్యూ మెక్సికోలో 21 శాతం మందికి మిగిలింది. ఇది పాత కేసు షీట్ల మీద చేసిన పోలిక. దారిలోనే చనిపోయినవారు దీనిలో లెక్కకు రాలేదు, రెండు దేశాల ప్రమాదాలు ఒక తీరువి కావు. దీన్ని పట్టుకుని పట్టీ హానికరమని తేల్చేయడం తొందరపాటు. అయితే వారు చెప్పిన కారణం నాకు సబబుగా తోచింది. పూస విరగడానికి కావలసిన శక్తి చాలా పెద్దది, అది ఢీకొన్న క్షణంలోనే తన పని చేసేస్తుంది. ఆ తరువాత మనిషిని జాగ్రత్తగా ఎత్తినప్పుడు కలిగే కదలిక దానితో పోలిస్తే చాలా చిన్నది. వెన్నుపాముకు ఆ తరువాత జరిగే నష్టంలో వాపు, ప్రాణవాయువు చాలకపోవడం, బీపీ పడిపోవడం వంటి వాటి వాటా ఎక్కువ. వీటిలో ఏ ఒక్కదానికీ పట్టీ మందు కాదు.

పైగా పట్టీ వల్ల కొన్ని ఇబ్బందులు కచ్చితంగా ఉన్నాయి. తలకు దెబ్బ తగిలిన రోగికి గట్టి పట్టీ వేస్తే మెడ సిరలు నొక్కుకుని, పుర్రెలోని ఒత్తిడి సగటున 4 నుంచి 5 మిల్లీమీటర్ల పాదరస మట్టం మేర పెరుగుతుందని కొలిచి చూశారు. ఆరోగ్యవంతుడికి అదొక లెక్క కాదు గాని, లోపల ఇప్పటికే రక్తం గడ్డకట్టినవాడికి ఆ కొద్దిపాటి పెరుగుదల కూడా బరువే. హెల్మెట్ లేకుండా పడి బెంగుళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు చేరే కుర్రాళ్లను తలచుకోండి. పట్టీ ఉంటే నోరు సరిగా తెరుచుకోదు, ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయడం కష్టమవుతుంది. వెల్లకిలా కట్టేసి ఉన్న తాగుబోతు వాంతి చేసుకుంటే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను ఈ ఉద్యోగంలో నిజంగా భయపడిన క్షణాలు ఎక్కువగా అవే. అప్పుడు మనిషిని పలకతో సహా ఒక పక్కకు తిప్పి, నోట్లోని వాంతిని లాగేసే సక్షన్ గొట్టం పెట్టాలి, ఇద్దరమే ఉన్న బండిలో అది మాటలు కాదు. గడ్డం కింద, తల వెనక పుండ్లు పడడం గంటలు గడిచిన కొద్దీ పెరిగే సమస్య. టిన్ ఫ్యాక్టరీ దగ్గరో సిల్క్ బోర్డు దగ్గరో సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తూ నిలిచిపోయినప్పుడు, విదేశీ పుస్తకాల్లో రాసిన పావుగంట ప్రయాణం మన దగ్గర ఎంతకు సాగుతుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

కత్తిపోట్ల విషయంలో సందేహానికి తావు ఇంకా తక్కువ. 2010 లో అమెరికాలో 45,284 మంది కత్తిపోట్లు, తుపాకి గాయాల రోగుల వివరాలు పరిశీలిస్తే, వెన్నును కట్టేసి తెచ్చినవారిలో 14.7 శాతం మంది, కట్టకుండా తెచ్చినవారిలో 7.2 శాతం మంది చనిపోయారని తేలింది. కట్టడానికి పట్టే నిమిషాల్లో రక్తం కారిపోతూనే ఉంటుంది. మెడ మీద గాయమైతే పట్టీ ఆ గాయాన్నే కంటికి కనపడకుండా కప్పేస్తుంది. ఇలాంటి రోగికి నేను ఇప్పుడు పట్టీ ముట్టుకోను.

అయితే పట్టీని కిటికీలోంచి పారేయాలని నేను అనడం లేదు. సర్జాపుర రోడ్డు వైపు కట్టడాల్లో పరంజా మీద నుంచి పడిన సెంట్రింగు కూలీని ఇసుక, ఇనుప చువ్వల మధ్య నుంచి ఎత్తి తేవలసి వచ్చినప్పుడు, నేల ఎగుడుదిగుడుగా ఉండి నా చేతులు తల మీద నిలవవని తెలిసినప్పుడు, పట్టీ వేస్తాను. అక్కడ అది నా మూడో చేయి. బండి ఎక్కి, రోగిని ఎత్తడానికి రెండు సగాలుగా కిందికి జొనిపే స్కూప్ స్ట్రెచర్ తీసేసి, తలకు ఇరువైపులా దిమ్మలు పెట్టాక, రోగి తెలివిగా ఉంటే పట్టీ కాస్త వదులు చేస్తాను. 2018 లో అమెరికా వైద్య సంఘాలు ఉమ్మడిగా ఇచ్చిన ప్రకటనలో, వెన్నును పూర్తిగా నిశ్చలం చేయడమన్న పాత మాటకు బదులు కదలికను అదుపు చేయడమన్న మాట వాడారు. మెడను రాయిలా నిలపడం ఎవరి వల్లా కాదని ఒప్పుకున్న ఆ మాట నాకు నచ్చింది.

చేతులతో పట్టుకోవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. తల దగ్గర ఉన్నవాడే నాయకుడు. ఒంటిని తిప్పేటప్పుడు అతను లెక్కపెట్టాలి, మిగతావారు అతని నోటి వైపు చూడాలి. మా బండిలో డ్రైవరును 108 వాళ్ల అలవాటు కొద్దీ పైలట్ అంటాం. మా పైలట్ కన్నడిగుడు, సాయం పట్టే కూలీలు బీహారువారు, రోగి కర్నూలువాడు, నేను చిత్తూరు జిల్లావాణ్ణి. మూడు అన్నప్పుడు ఎత్తాలా, మూడు అన్నాక ఎత్తాలా అన్న దగ్గర ఒకసారి మేము నలుగురం నాలుగు రకాలుగా ఎత్తి, ఆ రోగి మెడను పట్టీ ఉండగానే ఒక కుదుపు కుదిపాం. అప్పటి నుంచి ఎత్తేముందు ఒకసారి ఉత్తుత్తి లెక్క చెప్పించి, "మూరు అనగానే" అని అందరి చేతా అనిపిస్తాను. కన్నడంలో మూరు, తెలుగులో మూడు పక్కపక్కనే ఉండడం మా అదృష్టం, హిందీవారికి మాత్రం వేళ్లు చూపాలి.

ఎవరికి మెడ దెబ్బ అనుమానించాలన్న దానికి మంచి కొలమానాలు ఉన్నాయి. 2000 లో వచ్చిన నెక్సస్ అధ్యయనంలో 34,069 మంది రోగులను చూస్తే 818 మందికే, అంటే నూటికి రెండున్నర మంది లోపే, మెడ గాయం ఉంది. మెడ వెనక మధ్య గీత మీద నొక్కితే నొప్పి లేకపోవడం, నరాల లోపం లేకపోవడం, పూర్తి స్పృహ, మత్తు లేకపోవడం, దృష్టి మళ్లించేంత నొప్పి మరో గాయం వల్ల లేకపోవడం, ఈ ఐదూ కుదిరినవారికి స్కానింగు అక్కరలేదన్న ఆ నియమం 818 మందిలో 8 మందిని మాత్రమే జారవిడిచింది. 2001 నాటి కెనడా నియమం 65 ఏళ్లు దాటినవారిని, మూడడుగుల ఎత్తు నుంచో ఐదు మెట్ల నుంచో పడినవారిని, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినవారిని ప్రమాదం ఎక్కువ ఉన్నవారిగా లెక్కించి ముందే స్కానింగుకు పంపమంటుంది. మా పెద్దాయన ఈ మూడింటిలోనూ ఉన్నారు. ఆయన మెడను అనుమానించడం ముమ్మాటికీ సరైనదే. నా తప్పంతా ఆ అనుమానాన్ని వెంటనే ప్లాస్టిక్ పట్టీగా మార్చడంలో ఉంది.

ఈ నియమాలు మన మధ్య పనిచేయాలంటే భాష కావాలి. నొప్పి ఉందా అని కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే మన కూలీలు లేదనే చెబుతారు. తెలుగులో అడిగినా మొదటిసారి "ఏం ల్యా సార్, బాగుండా" అంటారు, ఎందుకంటే ఆసుపత్రి బిల్లు, పోయే రోజుకూలి ముందు కళ్ల ముందు కదులుతాయి. మేస్త్రి పక్కన నిలబడి ఉంటే ఆ మాట ఇంకా గట్టిగా వస్తుంది. అందుకే మేస్త్రిని అవతలికి పంపి, "అన్నా, డబ్బుల సంగతి తరువాత చూద్దాం, మెడ ఎనక ఈడ నొక్కితే ఎట్లుంది" అని మళ్లీ అడుగుతాను. రెండోసారి వచ్చే జవాబు మీదనే నేను నడుస్తాను.

ఇక ఒప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. రోగికి అక్కరలేదని తెలిసి కూడా, ఆసుపత్రి గేటు వంద మీటర్ల దూరంలో ఉండగా పట్టీ తీసి తొడిగిన రోజులు నాకు ఉన్నాయి. ఒక పెద్ద ఆసుపత్రిలో పట్టీ లేకుండా రోగిని దింపినందుకు డ్యూటీ డాక్టరు అందరి ముందూ కేకలేశారు, నేను చెప్పబోయిన కారణం వినలేదు. బంధువులదీ అదే చూపు. మెడకు తెల్లటి పట్టీ కనిపిస్తే వైద్యం మొదలైందని వారికి ధైర్యం, లేకపోతే నిర్లక్ష్యమని అనుమానం. 2015 లో అంతర్జాతీయ పునరుజ్జీవన సమన్వయ సంఘం ప్రథమ చికిత్స చేసేవారు మెడపట్టీ వేయవద్దని సూచించింది. అది రోడ్డున పోయేవారికి, కార్యాలయాల్లో శిక్షణ పొందినవారికి ఇచ్చిన సూచన, అంబులెన్సు సిబ్బందికి కాదు. అయినా మా ఊళ్లో కొన్ని అపార్ట్‌మెంట్ల ప్రథమ చికిత్స పెట్టెల్లో ఇప్పటికీ పట్టీలు కొని పెడుతున్నారు. ఆ డబ్బుతో రెండు మంచి దుప్పట్లు కొనవచ్చు.

ఆ రాత్రి మాకు పనికివచ్చింది దుప్పట్లే. కొడుకు చేత ఇంట్లోని రెండు దుప్పట్లు తెప్పించి గట్టిగా చుట్టలు చుట్టి, పెద్దాయన తలకింద రెండు దిండ్లు, మెడకు అటూ ఇటూ ఆ చుట్టలు పెట్టి, ఆయన మెడ ముప్పై ఏళ్లుగా ఏ వంపులో ఉందో ఆ వంపులోనే ఉంచి పడుకోబెట్టాం. ఆసుపత్రి చేరిందాకా నా రెండు చేతులూ ఆయన చెవుల పక్కనే ఉన్నాయి. వెదురుకర్రలా పూసలన్నీ కలిసి బిగుసుకుపోయే జబ్బు ఆయనకు ఉందని, అలాంటి వెన్ను చిన్న దెబ్బకే కర్ర విరిగినట్టు విరుగుతుందని, బలవంతంగా తిన్నగా చేస్తే విరిగిన చోట ఎడం పెరిగి వెన్నుపాము దెబ్బతినవచ్చని సీటీ స్కాన్ చూసిన న్యూరోసర్జన్ చెప్పారు. ఆరో పూసకూ ఏడో పూసకూ మధ్య విరిగింది. ఆపరేషన్ చేసి లోహపు కడ్డీలు వేశారు. నాలుగు నెలల తరువాత వాకర్ పట్టుకుని ఊరికి వెళ్లారని కొడుకు ఫోన్ చేసి చెప్పారు.

ఆసుపత్రికి అప్పగించేటప్పుడు మేము నింపే కాగితంలో మెడపట్టీ అన్న మాట ఎదురుగా రెండు గడులే ఉంటాయి, వేశాం అని ఒకటి, వేయలేదు అని మరొకటి. ఆ రాత్రి నేను ఆ రెండింటిలో దేనిలోనూ గీత పెట్టకుండా, పక్కన ఖాళీ ఉన్న చోట "పాత గూని, మెడ ఉన్న వంపులోనే, దుప్పటి చుట్టలు రెండు, దిండ్లు రెండు, చేతులతో పట్టుకుని తెచ్చాం" అని రాశాను. కాగితం తీసుకున్న సిస్టరు దాన్ని రెండుసార్లు చదివి, వేయలేదు అన్న గడిలో తనే టిక్కు పెట్టింది.